మొన కిందికి, చెయ్యి తొడకి

నా చేతి మొట్టికాయ తినని తల మా హాల్లో లేదు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగిలిన ముసలాయన దగ్గర్నుంచి మొన్న చేరినవాళ్ళ దాకా అందరూ తిన్నవాళ్ళే. అందుకు కారణమయ్యే తప్పు ఒక్కటే, కత్తి కింద పడెయ్యడం. మాది మాంసం కోసే హాలు. పైన ఇనుప పట్టా, పట్టాకి కొక్కేలు, కొక్కేలకి సగానికి చీల్చిన పశువులు. కింద రెండు వరసల స్టీలు బల్లలు, ఇరవై రెండు మంది మనుషులు, ఇరవై రెండు కత్తులు. నేల మీద ఎప్పుడూ కొవ్వూ నీళ్ళూ. అలాంటి నేల మీద పడ్డ కత్తి పడ్డచోటే ఉండదు, గెంతుతుంది. పక్కవాడి పిక్కలో దిగుతుంది. జారిపోతున్న కత్తిని పట్టుకోబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని ముగ్గుర్ని నేను నా కళ్ళతో చూశాను. తెగిన వేలు ఎముకల తొట్టిలో పడితే వెతికి తీసింది కూడా నేనే.

అందుకే మేస్త్రీనయ్యాక ఒక రూలు పెట్టాను. కాలు జారనీ, కరెంటు పోనీ, పక్కవాడు అరవనీ, కుప్పకూలనీ, కత్తి మాత్రం వదలకూడదు. మొన కిందికి, చెయ్యి తొడకి, ఒక అడుగు వెనక్కి. అలా బొమ్మలా నిలబడిపోవాలి. అది ఆలోచించి చేసేది కాదు, ఒంటికి దానంతటదే రావాలి. అలా రావాలంటే మొట్టికాయని మించిన మందు లేదని నా నమ్మకం. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే, ఎక్కువే.

ఆ మొట్టికాయలు అందరికంటే ఎక్కువ తిన్నవాడు మా తమ్ముడు. వాడికి ఇరవై ఏడేళ్ళు, ఆరడుగుల ఎత్తు, చెయ్యెత్తితే పై పట్టా అందుతుంది. అయినా హాలంతా వాణ్ణి బుడ్డోడనే పిలుస్తుంది, నేనలా పిలుస్తాను కాబట్టి. పనిలో చేరిన మొదటి వారం పదకొండుసార్లు కత్తి పడేశాడు, పదకొండు మొట్టికాయలు తిన్నాడు. రెండో వారం ఒక్కటి. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో వాడి చేతిలోంచి కత్తి జారిన పాపాన పోలేదు.

ఈ దేశంలోకి వాడు నా చంకెక్కి వచ్చాడు. వాడికి మూడేళ్ళు, నాకు పదేళ్ళు. అమ్మ ముందు ముళ్ళకంచె ఎత్తి పట్టుకుంటే మేమిద్దరం కింద నుంచి దూరాం. వాడు అమ్మమ్మ దగ్గరికి పోతానని ఏడుపు లంకించుకున్నాడు. అవతల కాపలా బండి ఆగి ఉంది. నేను వాడి నోరు గట్టిగా నొక్కాను. ఎంత గట్టిగానంటే పాలపళ్ళు పెదవిలో దిగాయి. నా అరచెయ్యి నిండా నెత్తురు. ఆ మచ్చ వాడి కింది పెదవి మీద ఇప్పటికీ ఉంది.

అమ్మ నాలుగేళ్ళకే పోయింది. నాకు పెళ్ళయ్యాక ఇక్కడే పుట్టిన మా ఆయన పుణ్యమా అని కాగితాలొచ్చాయి, వాడికి రాలేదు. పదహారేళ్ళు వచ్చేదాకా వాడికసలు తను ఇక్కడివాడు కాడన్న సంగతే తెలియదు. చెప్పిన రోజు నా మొహంలోకి చూసి, మరి నేను ఎక్కడివాణ్ణి అని అడిగాడు. ఊరి పేరు చెప్పాను. అది ఎలా ఉంటుందని అడిగాడు. నాకూ సరిగ్గా గుర్తులేదు, గుర్తులేదని ఒప్పుకోబుద్ధి కాలేదు, పోయి పడుకోమని కసిరాను.

మొన్నటేడాది చట్టం మారింది. చిన్నతనంలో పెద్దవాళ్ళు దొంగదారిన తెచ్చినవాళ్ళు తప్పు చేసినట్టు కాదని, అర్జీ పెట్టుకుంటే ఉండనిస్తామని అన్నారు. షరతు ఒక్కటే. మనిషి మీద హింస కేసు ఏదీ ఉండకూడదు. బుడ్డోడికి నోట్లో నాలుక లేదు, ఎవరితోనూ మాటా మాటా అనుకునే రకం కూడా కాదు. ఇక మాకు అడ్డేముంది అనుకున్నాను. అర్జీ పెట్టాం. విచారణ తేదీ కూడా ఇచ్చారు.

అన్నం వేళ మా హాల్లో దీని మీద రోజూ రభసే. మా తూకాలాయన ఇక్కడే పుట్టినవాడు, పాతికేళ్ళు కత్తి పట్టి నడుం పోయాక తూకం దగ్గరికి మారినవాడు. ఆయన మాటేమిటంటే చట్టం చట్టమే, ఒకరికి సడలిస్తే రేపు కంచె దగ్గర పిల్లల్ని చంకనేసుకుని లైను కడతారు. మా అన్న కొడుక్కి ఉద్యోగం లేదు, వాడి సంగతెవరు చూస్తారు అంటాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మూడేళ్ళ పిల్లాడు చట్టం చదివి రావాల్సిందా, పోనీ మోసుకొచ్చిన నన్ను పంపించండి అనేదాన్ని. బుడ్డోడు మాత్రం తలొంచుకుని తినేవాడు. చివర్లో తన డబ్బాలోది కాస్త తూకాలాయనకి పెట్టేవాడు. ఆయన తీసుకునేవాడు కూడా.

విచారణకి పంతొమ్మిది రోజులున్నాయనగా, కాగితాల్లేనివాళ్ళని పట్టుకుపోయేవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం అన్నాలు తిని అప్పుడే మళ్ళీ బల్లల దగ్గర నిలబడ్డాం. రంపం మిషను తిరుగుతోంది. షట్టరు ఒక్కసారిగా పైకి లేచింది, బూట్లు లోపలికొచ్చాయి. ఏడుగురు, చేతుల్లో లాఠీలు. ముందున్నాయన చేతిలో ఫోటో ఉంది. సరాసరి బుడ్డోడి బల్ల వైపు నడుస్తూ, మిషను చప్పుడు మీంచి వినబడేలా అరిచాడు.

"కత్తి పడెయ్!"

ఇరవై రెండు మందీ ఒక్కటే చేశారు. మొన కిందికి, చెయ్యి తొడకి, ఒక అడుగు వెనక్కి. బుడ్డోడూ అదే చేశాడు. వాడి మొహంలో కోపం లేదు, భయం కూడా అప్పటికింకా లేదు. నిలబడ్డాడంతే. మళ్ళీ అరిచారు. వాడి వేళ్ళు పిడి మీద ఇంకా బిగుసుకున్నాయి. అరుపు వినబడితే పిడి బిగించమనే కదా నేను వాడి నెత్తి మీద కొట్టి నేర్పింది. ఫోటో పట్టుకున్న బూట్లాయన వాడి మీదికి ఉరికి మణికట్టు పట్టుకోబోయాడు. కొవ్వు మీద కాలు జారింది. మొన ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుంటూ పోయింది. బుడ్డోడు చెయ్యి కదపలేదు. అది నేను ఎక్కడైనా చెబుతాను.

ఆ తర్వాత నెత్తురు చూసిన మిగతా ఆరుగురూ మీద పడ్డారు. మొదటి దెబ్బ చెవి మీద. రెండోది నోటి మీద, రెండు పళ్ళు బల్ల మీద పడి మాంసం ముక్కల్లో కలిసిపోయాయి. పక్కటెముకలు విరిగిన చప్పుడు మాకు కొత్త కాదు, రోజూ వినేదే. బతికున్న మనిషిలోంచి మాత్రం అప్పుడే విన్నాం. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పటికీ కత్తి వాడి చేతిలోనే ఉంది, మొన నేలకే ఉంది. వేళ్ళ మీద బూటేసి తొక్కితేగాని రాలేదు.

నేను బల్ల మీంచి దూకి ఒకడి జుట్టు పట్టుకున్నాను. వాడి చెవి కొరికాను, అబద్ధమెందుకు. ఎవడో నన్ను నడుం పట్టి ఎత్తి ఎముకల తొట్టిలో విసిరేశాడు. ఆ తొట్టిలోంచే చూశాను, వాణ్ణి కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుపోవడం. నేల మీద కొవ్వు మీదుగా వాడి తల సాఫీగా జారిపోయింది, వెనక ఎర్రటి చార మిగిలింది. రంపం ఇంకా తిరుగుతూనే ఉంది, ఎవరికీ ఆపాలని తోచలేదు.

వాడి మీద హింస కేసు పడింది. అధికారికి కత్తిపోటు, పద్నాలుగు కుట్లు. మేమంతా వెళ్ళి జరిగింది చెప్పాం. మీరంతా ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు, మీ సాక్ష్యం ఎలా చెల్లుతుందన్నారు. పడెయ్యమంటే పడెయ్యకపోవడం మీ రూలా అని ఒకడు నవ్వాడు. విచారణ వాయిదా పడింది, దేశం నుంచి పంపించెయ్యాల్సినవాళ్ళని బంధించే క్యాంపుకి వాణ్ణి తరలించారు.

క్యాంపులో చూడనివ్వడానికి రెండు నెలలు పట్టింది. సున్నం వేసిన గది, నేలకి బిగించిన బల్ల, వాడి వెనక కాపలావాడు. బుడ్డోడు సగానికి సగమయ్యాడు. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, గోళ్ళు నల్లబడ్డాయి. ఏమైందంటే తలుపులో పడ్డాయన్నాడు. నేను తెచ్చిన బట్టల గురించి మాట్లాడుకున్నాం. వాడు ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్ళు తాగబోయాడు. వెనక నుంచి కాపలావాడు టైమైంది, పడెయ్ అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. మాట పూర్తికాకముందే గ్లాసు వాడి చేతిలోంచి ఊడి నా ఒళ్ళో పడింది, చీరంతా తడిసింది. చేతులేమైనా చచ్చుబడ్డాయేమిట్రా అని నేను విసుక్కున్నాను. వాడు నవ్వాడు, ముందు పళ్ళు లేని నవ్వు. చీర పిండుకుంటూ బయటికొచ్చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కళ్ళ ముందు చూసింది చూసినట్టు నాకు అర్థం కాలేదు.

మా లాయరమ్మ నెమ్మదస్తురాలు, నా కోపాన్ని ఓపిగ్గా భరించింది. మాటలతో నమ్మనివాళ్ళకి చూపించాలని నేనే చెప్పాను. విచారణ చేసే అధికారిణిని మా హాలుకి రమ్మనండి, మా వాళ్ళెవరికీ ముందుగా చెప్పొద్దు, అకస్మాత్తుగా అరవమనండి, అప్పుడు ఎవరు పడేస్తారో ఆవిడే చూసుకుంటుంది అన్నాను. లాయరమ్మకి నచ్చింది. ఎన్ని కాగితాలు తిప్పిందో గానీ ఆవిణ్ణి ఒప్పించింది. నేనూ మాట నిలబెట్టుకున్నాను, హాల్లో ఎవరికీ ఉప్పందించలేదు.

ఆవిడ వచ్చిన రోజు కూడా మధ్యాహ్నమే. పొట్టి మనిషి, మందపాటి కళ్ళజోడు, చలికి ముక్కు కారుతోంది. వెంట బూట్లాయన, చేతి మీద కుట్ల గీత ఇంకా గులాబీరంగులో ఉంది. ఇద్దరు కాపలావాళ్ళ మధ్య బుడ్డోడు, చేతులకి సంకెళ్ళు, కాళ్ళకి క్యాంపు గుడ్డచెప్పులు. జరిగిన చోటు చూపించడానికి తెచ్చారు. మా వాళ్ళు తలెత్తి చూశారు. పని ఆపొద్దని నేను కసిరాను. ఆ రోజు ముసలాయన పక్క బల్ల ఖాళీ. రద్దీగా ఉందని తూకాలాయనే కత్తి పట్టి అక్కడ నిలబడ్డాడు.

కళ్ళజోడావిడ వరస మధ్యకి వెళ్ళి ఒక కాపలావాడికి సైగ చేసింది. వాడు గొంతు చించుకుని అరిచాడు.

"కత్తులు పడెయ్యండి!"

ఒక్క కత్తీ నేల మీద మోగలేదు. ఇరవై ఒక్క మొనలు కిందికి దిగాయి, ఇరవై ఒక్క చేతులు తొడలకి అతుక్కున్నాయి, అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. కత్తి మానేసి ఆరేళ్ళైన తూకాలాయన కూడా అలాగే నిలబడ్డాడు. ఆ వెనకడుగుతో ముసలాయన వీపు కాపలావాడికి తగిలింది. తనకి ముందుగా చెప్పిన నాటకమే అయినా కాపలావాడు బెదిరిపోయాడు. లాఠీ తీసి ముసలాయన భుజం మీద బలంగా వేశాడు. ఎముక పుటుక్కుమంది. ముసలాయన అమ్మా అని వంగిపోయాడు. కత్తి మాత్రం తొడకే ఉంది.

కళ్ళజోడావిడ మొహం పాలిపోయింది. కాపలావాణ్ణి వెనక్కి లాగించింది, ముసలాయన్ని కూర్చోబెట్టించింది. తర్వాత పుస్తకం తీసి నిలబడే రాసుకుంది. రాసింది లాయరమ్మకి చదివి వినిపించింది. ఇది ఇక్కడి పని అలవాటు, దాడి చెయ్యాలన్న ఉద్దేశంగా తీసుకోలేము. లాయరమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. అంటే గెలిచాం. ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంటోంది. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడికి సరిపోయేది.

బూట్లాయన ఊరుకోలేదు. వీళ్ళందరూ వేరు, వాడు వేరు, వాడి కళ్ళు నేను దగ్గర్నుంచి చూశాను, అది పొడవాలన్న చూపే అన్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. వాణ్ణి తయారుచేసింది నేను. ఈ హాల్లో నా రూలు వాడికంటే బాగా వచ్చినవాడు లేడు.

"వాణ్ణే నిలబెట్టండమ్మా," అన్నాను. "సంకెళ్ళు తీసి వాడి బల్ల దగ్గర వాడి కత్తితోనే నిలబెట్టి చూడండి. ఈయన నోరు మూతపడాలి."

లాయరమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. అక్కర్లేదు, అయిపోయింది, వద్దు అని గొణిగింది. నేను కొంగు విదిలించుకున్నాను. బుడ్డోడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

సంకెళ్ళు తీశారు. వాడి కత్తి నేనే గూట్లోంచి తెచ్చాను, పిడికి వాడు చుట్టుకున్న నీలం గుడ్డ అలాగే ఉంది. ఆ పొద్దున నా చేత్తోనే సాన పట్టాను. వాడు తన బల్ల దగ్గర నిలబడి ముందున్న తొడ ముక్కలో కీలు వెతికాడు. వాచిన వేళ్ళైనా దారి మర్చిపోలేదు. మొదటి గాటుకే కీలు విడిపోయింది. మా వాళ్ళలో ఎవరో శభాష్ అన్నారు.

బూట్లాయనే అరిచాడు. "పడెయ్!"

వాడి అయిదు వేళ్ళూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి.

కత్తి బల్ల అంచుకి తగిలి తిరగబడి మొన కిందికి దిగింది. గుడ్డచెప్పులోంచి, పాదంలోంచి, కింద చెప్పు అట్టలోకి దిగి నిలబడింది. వాడు కాలు తీసుకోలేదు. ఖాళీ చేతులు రెండూ గాల్లోకెత్తి, అరచేతులు చూపిస్తూ, కళ్ళు గట్టిగా మూసుకుని, తర్వాతి దెబ్బ కోసం నిలబడ్డాడు. నెత్తురు చెప్పు చుట్టూ మడుగు కట్టింది.

 అప్పుడు నా చెయ్యి లేచింది. నేను లేపలేదు, దేవుడి మీద ఒట్టు, అదే లేచింది. ఇన్నేళ్ళ అలవాటు. కత్తి పడ్డ చప్పుడు వినగానే వెళ్ళి వాడి నడినెత్తి మీద ఠపీమని మొట్టింది. అంత ఎత్తు మనిషి మోకాళ్ళు మడిచి ముడుచుకుపోయాడు.

తర్వాత కళ్ళు తెరిచి, కొట్టింది నేనని చూసి, ఊపిరి వదిలాడు.

"నువ్వేనా అక్కా," అన్నాడు. "అక్కడ పడెయ్ అనగానే పడెయ్యకపోతే వేళ్ళ మీద కొడతారు. చెంచా అయినా సరే, బ్రష్షు అయినా సరే. కత్తి పట్టినవాడివి కదా అని రోజూ నేర్పించారు. నీకు చెప్తే అక్కడికొచ్చి గొడవ పెట్టుకుంటావని చెప్పలేదు."

బూట్లాయన నవ్వలేదు. చూశారుగా, పడెయ్యగలడు అని మాత్రం అన్నాడు. లాయరమ్మ అరిచింది, మొట్టమొదటిసారి ఆవిడ గొంతు లేవడం విన్నాను. ఇప్పుడు నేర్చుకున్నదాన్ని పట్టుకుని అప్పటి సంగతి ఎలా తేలుస్తారంది. వేళ్ళు చూడండి, గోళ్ళు చూడండంది. కళ్ళజోడావిడ వాడి వేళ్ళ వంక చాలాసేపు చూసింది. క్యాంపు సంగతి వేరే ఫిర్యాదు, అది తన పరిధిలో లేదంది. మళ్ళీ సంచిలోంచి పుస్తకం తీసింది. అందులో ఏం రాస్తుందో నాకు తెలుసు. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, కాళ్ళు కూడా పట్టుకున్నాను, నా బతుకులో ఎవరి కాళ్ళూ పట్టుకోనిదాన్ని.

"లేవండమ్మా," అంది ఆవిడ. కోపంగా అనలేదు. "చూసింది రాయకుండా ఎలా ఉంటాను? మీరు అడక్కపోతే నేను వెళ్ళిపోయేదాన్ని."

పాదంలోంచి కత్తి తూకాలాయన తీశాడు. ఎవరూ చెప్పకుండానే వచ్చి నేల మీద కూర్చుని, మడమ గట్టిగా పట్టుకుని, తిన్నగా పైకి లాగాడు. తన తలపాగా విప్పి కట్టు కట్టాడు. కడుతూ, చట్టం ఇదేనా, ఇదా అని ఎవరితోనో అన్నట్టు అంటూనే ఉన్నాడు. బుడ్డోణ్ణి రెక్కలు పట్టుకుని కుంటిస్తూ తీసుకుపోయారు. షట్టరు దగ్గర వాడు వెనక్కి తిరిగి నెత్తి తడుముకున్నాడు, పళ్ళు లేని నోటితో నవ్వాడు.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది, పన్నెండో రోజున పంపించేశారు. చూడనివ్వలేదు. ఇరవై నాలుగేళ్ళ కింద ఏ ఊరి నుంచి వాడి నోరు నొక్కి తెచ్చానో ఆ ఊరికి పంపారట. అమ్మమ్మ ఎప్పుడో పోయింది, అక్కడ వాడికి తెలిసిన పురుగు కూడా లేదు. మూడు వారాలకి ఫోను చేశాడు. కాలు చీము పట్టిందన్నాడు. ఊరు ఎలా ఉందిరా అని నేనడిగాను. చిన్నప్పుడు తను అడిగినదే ఇప్పుడు నేనడుగుతున్నానని వాడికి తట్టిందో లేదో. కంచె ఇవతల కూడా అచ్చం మీ వైపులాగే ఉంది అన్నాడు. అంతలో లైను తెగింది, మళ్ళీ కలవలేదు.

హాల్లో పని మామూలుగానే సాగుతోంది. మొన్న ముసలాయన చేతిలోంచి కత్తి జారి నేల మీద మోగింది, భుజం విరిగాక ఆయన పట్టు తప్పుతోంది. అలవాటుగా తల వంచి నిలబడ్డాడు. అందరూ పని ఆపి నా వైపు చూశారు. నేను వెళ్ళి వంగి, కత్తి తీసి, కడిగి, పిడి ఆయన వైపు తిప్పి చేతికిచ్చాను.